యుద్ధమొక తట్టు, సంతి ఒక తట్టు

పదకొండుకు వస్తామన్నారు. ఇప్పుడు పది. ఈ గంటసేపు హనోకుకు చేతిలో పనేమీ లేదు. చేయగలిగిందంతా చేసేశాడు, అది గోడ మీద ఉంది, గోడ మీద లారీకి కప్పే టార్పాలిన్ పట్ట ఉంది, పట్ట ముందర బోర్లించిన రంగుడబ్బా ఉంది, డబ్బా మీద తానున్నాడు, తన పక్కన చల్లగా తెల్లగా నిండుగా యల్లప్ప కలిపి పెట్టిన సుణ్ణం డ్రమ్ముంది. తెలుగులో సున్న అంటే ఏమీ లేనిది, కన్నడంలో సుణ్ణ అంటే గోడకు కొట్టే సున్నం, యాభై ఏడేళ్ళుగా ఈ రెండు భాషల సందులో కాపురమున్న హనోకుకు ఆ రెండూ ఒకటేనని ఈ పొద్దే తెలిసింది. పదకొండింటికి పద్మనాభ వచ్చి చెయ్యి ఇట్లా ఊపితే చాలు, యల్లప్ప సుణ్ణం కొడతాడు, మూడు వారాల బొమ్మ సున్న అవుతుంది.

కోపం రావాలి. రావడం లేదు. కొందరికి జలుబు ఎట్లా పడుతుందో హనోకుకు కృతజ్ఞత అట్లా పడుతుంది, వేళాపాళా లేకుండా, ముందు ముక్కులో మొదలై కళ్ళకెక్కుతుంది. ఇప్పుడు కూడా పైన కిటికీలోంచి వాలిన ఎండలో ఎర్రటి ధూళి సన్నగా తిరుగుతుంటే, బాగుంది, దీన్ని గీయలేం కదా అనుకున్నాడు. కప్పగల్లులో ధూళి కప్పలేనిది లేదు. చెట్టు ఎరుపు, గేదె ఎరుపు, తెల్లచొక్కాతో బయల్దేరినవాడు ఇంటికి చేరేసరికి పెళ్ళికొడుకు. కొండల్ని తవ్వి లారీల్లో పోసి ఓడలెక్కిస్తున్నారు, నిరుడు చైనాలో ఏవో పెద్ద ఆటలు జరిగాయట, వాళ్ళ ఆటలకు ఇక్కడి కొండలు ఓడిపోయాయి. హచ్చొళ్ళిలో మొన్నటిదాకా వరిమడి గట్టు మీద కూర్చొని సద్దన్నం తిన్న పద్మనాభ ఇప్పుడు నూట పది లారీల యజమాని. గనులున్నవాళ్ళే ఘనులు, గని దొరికినవాడే ధణి, ధణి అంటే ఈ పక్క దొర అని. ఆ ధణి కట్టించిందే ఈ కల్యాణ మంటపం, రేపే ప్రారంభం, ఇంకా కుర్చీలు రాలేదు, హనోకు తుమ్మితే ఆ మూల నుంచి ఇంకో హనోకు తుమ్ముతున్నాడు.

తప్పు ఎవరిదంటే ఇంజనుది అని చెప్పాలి. మూడు వారాల కింద ఒక టిప్పరు వెనక "మళ్ళీ కలుద్దాం" అని రాస్తుంటే, డ్రైవరు పైన కూర్చొని ఇంజను గుర్రుమనిపిస్తుంటే, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకొని పద్మనాభ నోట విన్న మాట అది. "హనోకప్పా, మంటపంలో పెద్దగోడ ఉండాది కదా, దానికి చరిత్ర బొమ్మ గీయల్ల. యుద్ధమొక తట్టు, శాంతి ఒక తట్టు. మన సీమ జనం ఎట్ల బతికినారో అంతా కనపడల్ల." శాంతిలో ఉన్న దీర్ఘాన్ని ఇంజను మింగేసింది. మిగిలింది సంతి. తెలుగు ఊళ్ళలో సంత అంటారు, ఇక్కడ కన్నడం గాలి సోకి దాన్ని సంతి అంటారు, వారానికొకసారి కూరగాయలు, గాజులు, ఎద్దులు, తగాదాలు ఒక్కచోట కూడే సంతి. యుద్ధమొక తట్టు, సంతి ఒక తట్టు. బ్రష్షు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఎంత మాటన్నాడు! రాజులు కాదు, కిరీటాలు కాదు, యుద్ధానికి ఎదురుగా ఏముంటుందంటే సంతి ఉంటుందని ఏ బళ్ళో చదివాడీ మనిషి? ఇన్ని లారీల ధూళి కింద ఇంత బుద్ధి దాచుకున్నాడా? ఆ సంతోషంలో టిప్పరు మీద కలుద్దాంలో కొమ్ము పెట్టడం మరిచిపోయాడు, ఆ బండి ఈనాటికీ "మళ్ళీ కలద్దాం" అనుకుంటూ మంగళూరు దాకా పోయొస్తోంది. మూడు వారాలపాటు పొద్దున బ్రష్షు తడిపేముందు హనోకు పద్మనాభకు మనసులో దండం పెట్టుకున్నాడు. ఆ మనిషి అనని మాటకు, ఆయనకు తెలియకుండా, ఇరవై ఒక్క దండాలు.

నిన్న సాయంత్రం ఫోన్లో ఆ దండాలన్నీ తిరిగొచ్చాయి. "శాంతి యాడికొచ్చిందప్పా?" అని ఆయన అడిగాడు. "నిండింది ధణీ, మిరపకాయలు, ఉల్లిగడ్డలు, ఎద్దులు, ఆకు వక్క, గాజులు, అన్నీ వచ్చినాయి, గాడిదొకటే మిగిలుండాది" అన్నాడు హనోకు. "శాంతిలో గాడిదేందిప్పా?" "గాడిద లేని సంతి యాడుంటాది ధణీ?" ఆ తర్వాత వచ్చిన అరుపుకు ఫోను చెవికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది. "సంతి కాదప్పా, శాంతి! శా! రాజు సింహాసనం మీద కూర్చోనుండల్ల, పావురాలు ఎగరల్ల, ఎవరన్నా వీణ వాయించల్ల!" అరిచి, అలిసి, చివరికి మెల్లగా చెప్పాడు, ఆ మెల్లదనమే భయపెట్టింది. "రేపు పదకొండుకు అమ్మను పిల్చుకొని వస్తాండా. యల్లప్పతో సుణ్ణం కలిపి పెట్టించు. ఆ గోడ అంతా తెల్లగా చేసి ఫ్లెక్సు బిగిస్తాం, సాకు, ఇంక చాలు."

ఫ్లెక్సు! ఫ్లెక్సే కదా సీతారామారావు మేస్త్రిని ఇంట్లో కూర్చోబెట్టింది. బళ్ళారిలో సినిమా హాళ్ళకు నలభై అడుగుల మొహాలు గీసిన మనిషి, పదిహేనేళ్ళ హనోకును హచ్చొళ్ళి నుంచి తెచ్చి పెట్టుకున్న మనిషి. "ఏ ఊరురా?" అంటే "హచ్చొళ్ళి" అన్నాడు తను. మేస్త్రి పగలబడి నవ్వి, కన్నడంలో హచ్చడమంటే పూయడం కదా, పేరులోనే పని పెట్టుకొచ్చినావు, హచ్చు పో, అని చేతికి బ్రష్షిచ్చాడు. ఆ రోజు నుంచి బ్రష్షు పట్టి భ్రష్టు పట్టినానని హనోకు అందరికీ చెప్పుకుంటాడు, కానీ మనసులో ఆ చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. మొగం గీసేముందు ఆ మనిషి అన్నం తిన్నాడో లేదో కనుక్కోరా, ఆకలి ముందు చెంపకు తెలుస్తుంది, కంటికి తర్వాత తెలుస్తుంది అనేవాడు మేస్త్రి. ఈ గోడ మీద నూట నలభై మొహాలున్నాయి. ఎవరెవరు తిన్నారో ఎవరు తినలేదో హనోకుకు తెలుసు. యుద్ధం వైపు, దండుకు బాగా వెనకగా, చెవి మీద బ్రష్షు పెట్టుకొని, సగం రాసిన జెండా పట్టుకొని పరిగెత్తుతున్న బక్కాయన ఉన్నాడు కదా, ఆయన మేస్త్రే. జెండా పూర్తయ్యేలోగా దండు పోయింది. పని మధ్యలో వదలడం ఆయనకు చేతకాదు మరి.

బయట రోడ్డు మీద లారీ హారన్ కొట్టింది, గోడలు అదిరాయి. పో నాయనా, మంచిగా పో. సినిమా బొమ్మలు పోయాక అన్నం పెట్టింది లారీలే, ప్రతి లారీకీ పేరు కావాలి, పువ్వు కావాలి, వెనక హార్న్ ఓకే ప్లీజ్ కావాలి, రాసి రాసి చివరికి డ్రైవర్లు తన పేరునే అట్లా మార్చేశారు, "ఏం హనోకే ప్లీజ్, బాగుండావా?" పాస్టరయ్య పెట్టిన పేరుకు లారీవాళ్ళు పెట్టిన తోక. బాగున్నాననే చెబుతాడు. ఏ లారీ అన్నం పెట్టిందో ఆ లారీయే ఇంట్లో ధూళి కూడా పెట్టింది, రోడ్డు వారన ఇల్లు, కిటికీ మూసినా బియ్యంలో ఎరుపు, మంచినీళ్ళలో ఎరుపు, పెండ్లాం దీనమ్మ దిండు గలీబు మీద పొద్దున్నే తల చుట్టూ ఎర్రటి గీత, మధ్యలో తల ఉన్నంత తెలుపు. మొదట దగ్గు. దగ్గు దగ్గరయ్యేకొద్దీ మనిషి దూరమైంది. ఈ మాట తను చేసిన శ్లేషల్లోకెల్లా మంచిది, ఎవరికీ చెప్పలేదు, నవ్వేవాళ్ళుండరు. ఆమె పోయి ఏడాదిన్నర. ఆస్పత్రిలో పదకొండు రోజులు మంచం కింద చాప వేసుకొని పక్కింటి పక్కీరమ్మ ఉంది, సొంత మనిషి కాదు, కులం కాదు, గుడి కాదు, పొద్దున గంజి, రాత్రి కాళ్ళు పట్టడం, "నీవు పోయి బొమ్మలు గీసుకోప్పా, ఈడ నీ మొగం చూస్తే ఆమెకు ఇంకా దగ్గొస్తాది" అని తిట్టి పంపేది. ఆ పక్కీరమ్మకు ఏమిచ్చి తీర్చుకుంటాం? యుద్ధం వైపు ఏరు దాటుతున్న జనంలో, నెత్తి మీద నిప్పుకుండ పెట్టుకొని, అవతలి గట్టున పొయ్యి వెలిగించడానికి నిప్పు ఆరకుండా మోస్తున్న ఆడమనిషి ఆమె. వెలుగంతా ఆమె చెంప మీదికే వేశాడు. సూర్యుడికి కూడా అంత ఇవ్వలేదు.

"ఏమప్పా, ముసుగు తీసి ఒకసారి చూడొచ్చునా?" అన్నాడు యల్లప్ప. పొద్దుటి నుంచి ఆకు నములుతూ, తన చిన్న సుణ్ణం డబ్బీ గోటితో గీకుతూ కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఇద్దరికీ ఒకే గోడలు, యల్లప్ప తుడిచేది, హనోకు రాసేది, ఎలక్షన్లకు హనోకు రాస్తే అయిపోయాక యల్లప్ప తెల్లగా చేసేవాడు, అయినా ఒకరి మీద ఒకరికి రవ్వంత కినుక లేదు.

"చూడుప్పా. చూసినాక సుణ్ణం చెయ్యాడక పోతే నన్ననొద్దు."

యల్లప్ప పట్ట అంచు ఎత్తి లోపలికి దూరాడు. కాసేపు పట్ట కింద రెండు కాళ్ళు మాత్రమే అటూ ఇటూ నడిచాయి. ఒక్కచోట ఆగాయి. చాలాసేపు ఆగాయి.

"హనోకా! ఈడ ఆకులంగడి పెట్టుకొని కూర్చున్నోడు నేనే కదప్పా!"

"నీవే. ఎంతకాలం కొనుక్కొని నములుతావు, ఒకసారన్నా అమ్ముకో అని."

"అయ్యో నా మొగం!" పట్ట కింద నుంచి బయటికొచ్చిన మొహానికీ లోపలున్న మొహానికీ తేడా ఒక్కటే, బయటిది ఏడవబోతోంది. "తలపాగా కూడా కట్టినావు. నా పెండ్లికి కూడా ఇంత మంచి తలపాగా లేదు." మళ్ళీ వచ్చి డ్రమ్ము పక్కన కూర్చున్నాడు. డ్రమ్ము వైపు చూశాడు, తన చేతుల వైపు చూశాడు. "ఇప్పుడు నా మొగానికి నేనే సుణ్ణం కొట్టాల్నా?"

"ధణి చెప్తే కొట్టల్ల."

"నీ నోట్లో మన్ను పడ, ముందే చెప్పుంటే ఈ పొద్దు కడుపునొప్పని ఇంట్లో పండుకొనుండేవాణ్ణి కదప్పా."

హనోకుకు నవ్వాలనిపించింది, నవ్వాడు, ఆ నవ్వు ఖాళీ మంటపంలో తిరిగి తిరిగి మళ్ళీ తన దగ్గరికే వచ్చింది. రాజు. రాజు లేడన్నది రెండో తప్పు. అది మాత్రం ఇంజనుది కాదు, తనదే. గీయడానికి కూర్చున్నాడు కూడా, బొగ్గుతో కిరీటం గీత మొదలుపెట్టాడు, కానీ ఆ కిరీటం కింద పెట్టడానికి మొహం తెలియలేదు. తనెప్పుడూ ఏ రాజుకూ అన్నం తిన్నావా అని అడగలేదు. యుద్ధమంటే తనకు తెలిసింది వాళ్ళమ్మ చెప్పిందే, ఏటికవతల నిజాం సీమలో గలాటైన ఏడు, తను పుట్టకముందు, తుంగభద్ర దాటి పుట్టీల్లో జనం ఈవలికి వచ్చారట, హచ్చొళ్ళి ప్రార్థన గుడిలో బెంచీలు బయటేసి వాళ్ళను పడుకోబెట్టారట. ఒక ముసలాయన ఏమీ తెచ్చుకోకుండా కోళ్ళగంప తెచ్చుకున్నాడట, ఒకామె తిరగలి పైరాయి ఒక్కటే తెచ్చిందట, కిందిరాయి ఎందుకు తేలేదంటే పైదే బాగా అరిగింది, అదే నా చేతికి అలవాటు అందట. అమ్మ ఆ మాట చెప్పినప్పుడల్లా నవ్వేది, నవ్వి కొంగుతో ముక్కు తుడుచుకునేది. తను వాళ్ళందరినీ గీశాడు. పాత కాలపు దండును దూరంగా ధూళిలో పెట్టి, ఈటెల మొనలు చీమల కాళ్ళంతగా చేసి, ముందర ఏరు, ఏట్లో పుట్టీలు, పుట్టీల్లో కోళ్ళగంప, తిరగలి రాయి, నిప్పుకుండ, ఏ కాలం యుద్ధమని అడిగితే అన్ని కాలాలదీ అని చెప్పొచ్చు. దండు బొమ్మలో దండు కనపడకపోతే అంతా దండగే కదా అని పద్మనాభ అంటే ఏం చెప్పాలి? గోడ మీద గోడు గీశానని చెప్పాలా?

ఇక సంతి. ఆ కొసనున్న ఉల్లిగడ్డల కుప్ప. దాని వెనక తక్కెడ పట్టుకొని కూర్చున్న మనిషి. అసలు అక్కడ ఎవరినో వేరేవాళ్ళను పెట్టాలనుకున్నాడు. ఉల్లిగడ్డలు వేసి, తక్కెడ వేసి, తక్కెడ పట్టుకున్న చెయ్యి వేసేసరికి ఆ చేతి మణికట్టు దగ్గర నూనె చింది కాలిన ఒక పాత మచ్చ దానంతటదే వచ్చి కూర్చుంది, మచ్చ వచ్చాక చెయ్యి ఎవరిదో తెలిసిపోయింది, చెయ్యి వచ్చాక మనిషి రాకుండా ఉంటుందా? దీనమ్మ జన్మలో ఏమీ అమ్మలేదు. కొనేది. మిషన్ ఆస్పత్రిలో ఆయాగా పని ముగించుకొని వారం వారం సంతికి పోతే ఆమె వస్తున్నదని తెలిసి ఉల్లిగడ్డలవాళ్ళు తక్కెళ్ళు దాచుకునేవాళ్ళు. తను సంచీ పట్టుకొని నాలుగడుగులు వెనక, సిగ్గుపడుతూ. ఒకసారన్నా అటుపక్క కూర్చొని చూడవే, నీలాంటిది ఎదురైతే ఎట్లుంటాదో తెలుస్తాది, అని ఎన్నిసార్లు అన్నాడు. కూర్చుంది ఇప్పుడు. సూటిగా చూస్తోంది, కళ్ళు తెరిచి.

కళ్ళు తెరిచి. అదీ సంగతి. దీనమ్మకు ఒక్క ఫోటోలో కూడా కళ్ళు లేవు. పెళ్ళి ఫోటోలో రెప్ప వేసింది, రేషన్ కార్డు ఫోటోలో రెప్ప వేసింది, ఆస్పత్రి గుర్తింపు కార్డులో రెప్ప వేసింది, స్టూడియోవాడు మూడుసార్లు తీసి, "అక్కా, మెరుపుకు ముందే మూస్తాండావు, నీకు ముందే తెలుస్తాదా ఏంది?" అని చేతులెత్తేశాడు. పోయినప్పుడు గోడకు పెట్టుకోవడానికి ఫోటో వెతికితే అన్నింటిలోనూ నిద్రపోతోంది. ఇంట్లో ఏ ఫోటో పెట్టలేదు. ఆ కళ్ళు ఎట్లుండేవో చేతికి గుర్తుందో లేదోనని ఏడాదిన్నరగా భయపడుతూనే ఉన్నాడు, ఎక్కడా గీయలేదు, లారీ మీద గీయలేం, కాగితం మీద ధైర్యం చాలలేదు. ఇక్కడ, ఎవరిదో గోడ మీద, ఎవరో అనని మాట విని, ఉల్లిగడ్డల వెనక అవి వచ్చాయి. ఎడమ కన్ను కుడికన్నా రవ్వంత చిన్నది, ఆ సంగతి కూడా చెయ్యి మరిచిపోలేదు. చేతికి కూడా దండం పెట్టుకోవాలంటే ఏ చేత్తో పెట్టుకోవాలి? ఎన్నో గోడలు రాశాడు, ఎన్నో గోడలు తెల్లబడ్డాయి, ఒక్కదానికీ బాధపడలేదు. ఈ ఒక్క గోడ ఉంటే చాలు. గోడంతా కూడా వద్దు, ఆ మూల మూడడుగులు.

"ఫోన్లో ఫోటో తీసుకోరాదా?" అన్నాడు యల్లప్ప, అతని కడుపులోకి దూరి చూసినట్టు. "సుణ్ణం కొడితే కొట్టనీ, ఫోటో ఉంటాది కదా."

నిజమే. హనోకు లేచి పట్ట కిందికి దూరాడు. లోపల ఎర్రటి చీకటి, డిస్టెంపర్ వాసన, ఇరవై ఒక్క రోజుల వాసన. ఫోనెత్తి ఎదురుగా పెట్టాడు. చిన్న తెర మీద దీనమ్మ వచ్చింది, తక్కెడతో సహా. మీట మీద బొటనవేలు పెట్టాడు. నొక్కితే మెరుపొస్తుంది. వేలు అక్కడే ఉంది. ఏం మనిషివప్పా, గోడ మీది బొమ్మ, నీవు గీసిన బొమ్మ, నీ చేతి రంగు, అని తనకు తాను చెప్పుకున్నాడు. వేలు వినలేదు. మెరుపొచ్చి ఆమె రెప్ప వేస్తే? ఈ ఒక్కచోట కూడా మూసుకుంటే? ఫోను జేబులో వేసుకొని బయటికొచ్చాడు. యల్లప్ప ఒక ఆకు మడిచి ఇచ్చాడు.

కారు తలుపులు పడిన చప్పుడు. ముందు చేతికర్ర వచ్చింది, దాని వెనక పద్మనాభ తల్లి నాగలక్ష్మమ్మ వచ్చింది, సన్నగా, తెల్లచీరలో, ధూళి ఇంకా పట్టని ఒకే ఒక మనిషి. పద్మనాభ గుమ్మంలోనే ఆగి ఫోన్లో ఏదో లోడు గురించి కేకలేస్తున్నాడు.

"ఏమప్పా, గోడకు ముసుగేసినావు? పెండ్లికూతురా ఏంది?"

"తొలిచూపు కదా పెద్దమ్మా."

"చూపించు మరి. కంటి ఆపరేషనై నెలైంది. కొత్తకండ్లు, చూసేదానికి ఏమీ లేక ఊరికే పోతాండాయి."

హనోకూ యల్లప్పా చెరో కొస పట్టుకొని లాగారు. పట్ట జారి కింద పడింది, దాని ధూళి లేచి మెల్లగా దిగింది. పెద్దమ్మ యుద్ధం వైపు నుంచి మొదలుపెట్టింది. కర్ర టక్కుమంటూ, ఆగుతూ, మళ్ళీ టక్కుమంటూ. పుట్టీల దగ్గర ఆగింది. తిరగలి రాయి దగ్గర వంగి చూసింది. నిప్పుకుండ దగ్గర ఎందుకో కొంగు తల మీదికి లాక్కుంది. ఏరు దాటి, గట్టెక్కి, సంతిలోకి వచ్చింది, ఎద్దులను దాటింది, గాజులను దాటింది, సగం గీసిన గాడిదను చూసి "మూతి బాగుండాది" అంది. ఉల్లిగడ్డల దగ్గర ఆగింది. కర్ర కింద పెట్టింది. హనోకు చేయి పట్టుకోబోయేలోగా మోకాళ్ళు మడిచి, సంతిలో ఎట్లా కూర్చుంటారో అట్లా గొంతుకూర్చుంది.

"ఏమ్మే, వీశె ఎట్లిస్తాండావు?"

గోడ పలకలేదు. పెద్దమ్మకు ఏదో వినిపించినట్టే ఉంది. "శానా చెప్తాండావు. పోయిన వారం ఇంత లేదు."

"ఆమె తగ్గించదు పెద్దమ్మా" అన్నాడు హనోకు, అనేశాక గాని అన్నట్టు తెలియలేదు.

"నీకెట్ల తెలుసు?"

"నా పెండ్లాము."

పెద్దమ్మ కొత్తకళ్ళు గోడ వైపు తిరిగాయి, అతని వైపు తిరిగాయి. "బేరం తెల్సినామె మాదిరే ఉండాది. యాడుండాదిప్పుడు?"

"ఈడే పెద్దమ్మా."

ఆమె తల ఊపింది. అప్పటికి పద్మనాభ లోపలికొచ్చాడు, నేల మీద కూర్చున్న తల్లిని చూసి కంగారుపడ్డాడు. "అమ్మా, లెయ్, నేలంతా ధూళి. ఇదంతా తీసేస్తాము. శాంతి గీయప్పా అంటే సంతి గీసిపెట్టినాడు."

"సంతి గీయమని ఎవరు చెప్పినారు?"

"ధణే చెప్పినాడు పెద్దమ్మా" అన్నాడు హనోకు. "ఫోన్లో. నాకట్లనే వినపడింది." అందులో అబద్ధం ఒక్క చుక్క లేదు.

"నీవా?" పెద్దమ్మ కొడుకును కొత్తగా చూసింది. "ఈ మాట నీకెట్ల తోచిందప్పా? నేను నీకెప్పుడూ చెప్పలేదే. గలాటైన ఏడు పదకొండు వారాలు సంతి కట్టలేదు. ఊరంతా ఉప్పు లేని కూడు. పన్నెండో వారం పొద్దున్నే మా అమ్మ బుట్ట తీసి దులిపింది. ఆ దులిపిన చప్పుడుకు మేము పిల్లోళ్ళంతా ఎగిరినాము. ఆ పొద్దు నాకు పచ్చగాజులు కొనిపెట్టె. పుట్టీలో వచ్చినోళ్ళు కూడా మాతోనే సంతికొచ్చినారు, ఏమీ కొనలేదు, ఊరికే అందర్నీ చూసుకుంటా తిరిగినారు." చేత్తో గాలిలో ఆ తిరగడం చూపించింది. "మీరు ఇప్పుడు నాకు అన్నీ జీపులో తెచ్చిస్తారు. నేను సంతి చూసి ఏడేండ్లాయె."

పద్మనాభ చేతిలో ఫోను మళ్ళీ మోగింది. ఎవరిదో చూడకుండానే నొక్కి ఆపేశాడు. గోడ ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు, ఈసారి మనుషుల్ని ఒక్కొక్కరినే చూసుకుంటూ.

"రాజొకడన్నా ఉండల్ల కదా హనోకప్పా. యాడ?"

"దండుకు ముందర పోతాండాడు ధణీ. ఆ ధూళిలో ఉండాడు. మనం వెనక పడినాము."

"రానీలే నిదానంగా" అంది పెద్దమ్మ కింద నుంచి. "వచ్చేదాకా సంతి జరగనీ."

పద్మనాభ నవ్వలేదు గాని నవ్వు ఎక్కడి నుంచి రావాలో ఆ చోటు కదిలింది. "యల్లప్పా, ఆ డ్రమ్మెత్తి బయట పెట్టు."

"పెట్టొద్దు!" అంది పెద్దమ్మ.

యల్లప్ప డ్రమ్ము సగం ఎత్తినవాడు సగంలోనే ఆగాడు. పెద్దమ్మ వేలు ఉల్లిగడ్డల పక్కనున్న ఆకుల అంగడి వైపు చూపిస్తోంది. "ఆకుండాది, వక్కుండాది, అమ్మేటోడు తలపాగా కట్టుకొని దొరమాదిరి ఉండాడు. సుణ్ణం యాడ? సుణ్ణం లేకుండా ఏ నాకొడుకన్నా ఆకమ్ముతాడా?"

అందరూ చూశారు. లేదు. ఊరందరి గోడలకు సుణ్ణం కొట్టేవాడి అంగడిలో సుణ్ణం లేదు. ఇరవై ఒక్క రోజులు తనకు కనపడలేదు, ఇందాక అంతసేపు తన మొహాన్నే చూసుకున్న యల్లప్పకూ కనపడలేదు. హనోకు చెవి మీది బ్రష్షు తీసి డ్రమ్ము వైపు వంగాడు.

"ఉండప్పా, నా అంగడి, నేనే పెట్టుకుంటా" అన్నాడు యల్లప్ప. డ్రమ్ములో చూపుడువేలు ముంచాడు. ఎత్తితే దాని కొసన ఒక్క తెల్లచుక్క నిలిచింది. బతుకంతా గోడలకు గోడలు నింపినవాడు ఆ ఒక్క చుక్క పెట్టడానికి ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకొని, నాలుక పంటికింద పెట్టుకొని, తన బొమ్మ ముందర, ఆకుల బుట్ట పక్కన, మెత్తగా అద్దాడు. గుండ్రంగా వచ్చింది. అచ్చం సున్న.

"ఇప్పుడు చెప్పు మే" అని పెద్దమ్మ మళ్ళీ దీనమ్మ వైపు తిరిగింది. "సుణ్ణం కూడా వచ్చె. కడాకరు మాట ఎంత?"

పద్మనాభ ఎందుకో రెండడుగులు వెనక్కి పోయి ఫోనెత్తాడు. నేల మీద కూర్చొని బేరమాడుతున్న తల్లిని, ఎదురుగా తక్కెడ పట్టుకున్న ఆమెను, ఇద్దరినీ ఒక్కచోటికి తెచ్చుకున్నాడు. వద్దు ధణీ అందామని హనోకు చెయ్యెత్తాడు. అది లేచేలోగానే మెరుపు మెరిసింది. పెద్దమ్మ కొత్తకళ్ళు చటుక్కున మూసుకున్నాయి, యల్లప్ప రెప్ప వేశాడు, హనోకు రెప్ప వేశాడు.

దీనమ్మ వేయలేదు.